అవ్వ బతికే ఉందని రాశాను

పాత వణ్ణారపేట, మద్రాసు
8 సెప్టెంబరు 1996

పూజ్యులైన గోపాలయ్య మామకు మధుమిత నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. మళ్ళీ మేడ మెట్లెక్కి వడియాలు పెడుతోంది. నాన్న గోనెసంచుల అంగడి ఎప్పటిలాగే నడుస్తోంది. ఈ ఉత్తరం ఎలాగూ మధ్యాహ్నం భోజనమయ్యాక అవ్వకు చదివి వినిపిస్తారు కాబట్టి, అవ్వా, నీకు నా దండాలు.

మామా, ఒక సాయం కావాలి. నీటి రసాయనం మీద పై చదువుకు కెనడాలో ఒక యూనివర్సిటీకి అప్లికేషను పెడుతున్నాను. పరీక్షలు రాశాను, మార్కులు బాగానే వచ్చాయి. నాన్న ఒప్పుకున్నాడు. "మన సంచులు ఏడేడో దేశాలకు పోతాండాయి, పిల్ల పోకూడదా?" అన్నాడు. అమ్మ మూడు రోజులు ఆలోచించి సరేనంది. ఇక మిగిలింది ఒక్కటే. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అని ఇంగ్లీషులో రెండు పేజీలు రాయాలి. నేనెవరు, ఈ చదువే ఎందుకు, అక్కడే ఎందుకు అని. మూడు ఆదివారాలు కూర్చున్నాను. "నేను మద్రాసులో పుట్టాను" అన్న దగ్గరే ఆగిపోయాను. ఊరికి ఉత్తరాన మనలిలో మా కంపెనీ ల్యాబ్‌లో రోజుకు ఇరవై రిపోర్టులు రాస్తాను. నా గురించి ఒక్క పేరా రావడం లేదు.

మీరు ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. నాకు తెలుగు నేర్పిందీ మీరే. ఇది మీరే రాసిపెట్టండి. నా వివరాలన్నీ వేరే కాగితంలో పంపుతున్నాను.

ఉత్తరం ఆలస్యమైనందుకు కారణం మునియక్క. మా ఇంట్లో వంట చేస్తుందే, ఆమె. మా బావి నీళ్ళకు పప్పు ఉడకదనీ, నాలుగు వీధులవతల చివరింటి బావి నీళ్ళు పోస్తే పది నిమిషాల్లో మెత్తబడుతుందనీ పోరు పెట్టింది. రెండూ సీసాల్లో పట్టి, మా ఇన్‌ఛార్జి నాగప్పన్ గారి అనుమతితో ల్యాబ్‌లో చూశాను. ఆమె చెప్పింది నిజమే. మా నీళ్ళలో కాఠిన్యం మూడింతలు ఎక్కువ. ఈ సంగతి వీధిలో తెలిసిపోయి, ఇప్పుడు ఆదివారమైతే ఆడవాళ్ళు సీసాలు పట్టుకుని వాకిట్లో నిలబడుతున్నారు. నోటుబుక్కులో పంతొమ్మిది బావులయ్యాయి.

జవాబు త్వరగా రాయండి.
మీ మధుమిత

*

చిత్తూరు
17 సెప్టెంబరు 1996

చి. మధుమితకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగింది నేను రాయదగినది కాదు. ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలి. నువ్వే రాయి.

నీ ఉత్తరంలో ఏడు తప్పులున్నాయి. దిద్ది వెనక్కి పంపుతున్నాను. "ఇన్‌ఛార్జి" దిద్దలేదు, దానికి తెలుగు నాకూ తెలియదు.

అవ్వ అడగమన్న మాట: "ఆ చివరింటోళ్ళు నీళ్ళిచ్చేదానికి గొణగరా?" చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పప్పు ఉడికే బావి ఒక్కటే ఉండేదట. అది వాళ్ళ నాన్నది కాదట. అందుకని వాళ్ళమ్మ పప్పు మానేసి పులుసే కాచేదట.

ఆరోగ్యం జాగ్రత్త.
గోపాలయ్య

*

పాత వణ్ణారపేట, చెన్నై
(ఊరి పేరు మారింది. పోస్టాఫీసు ముద్ర ఇంకా మారలేదు.)
3 నవంబరు 1996

మామకు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. టి. నగర్‌లో, పాండీ బజారు పక్క సందులో, చీరల అంగడి మీద కేశవ్ అని ఒకాయన ఈ కాగితాలు రాసిపెడతాడని కాలేజీ స్నేహితురాలు చెప్పింది. అక్కడికి పోయాను. ఒకే గది, ఒక కంప్యూటరు, గోడ నిండా ఫైళ్ళు. నాలాంటివాళ్ళు ఆరుగురు బల్ల మీద కూర్చుని ఉన్నారు. నా వంతు వచ్చాక నాన్న ఏం చేస్తాడు, చిన్నప్పుడు ఇంట్లో ఏమైనా పెద్ద కష్టం వచ్చిందా, పదేళ్ళ తర్వాత ఏమవుతావు అని మూడు ప్రశ్నలు అడిగాడు. కష్టాలేమీ లేవన్నాను. "పరవాలేదు మేడమ్, నేను చూసుకుంటా" అన్నాడు. నాలుగో రోజుకు కాగితం చేతిలో పెట్టాడు.

ఇంగ్లీషు చాలా బాగుంది. సోమవారం పోస్టు చేసేశాను. మీరు చూస్తారని ఒక కాపీ పెడుతున్నాను. తప్పులేమైనా ఉంటే ఇక దిద్ది లాభం లేదు.

అవ్వకు దండాలు.
మధుమిత

*

చిత్తూరు
13 నవంబరు 1996

చి. మధుకు,

నీ కవరు శనివారం వచ్చింది. భోజనమయ్యాక మా అమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని చదవమంది. ఇంగ్లీషు కాగితాన్ని వాక్యం వాక్యం తెలుగులో చెబుతూ వచ్చాను. మొదటి పేరా నీ చదువు, బాగానే ఉంది. రెండో పేరా దగ్గర ఆగిపోయాను. అద్దాలు జారిపోయినాయా అని అడిగింది. నేను నాలుగు వాక్యాలు దాటేసి కిందికి పోయాను. పాఠం దాటేసే పిల్లల్ని ముప్పై నాలుగేళ్ళు పట్టుకున్నాను. నన్ను పట్టుకోవడం మా అమ్మకు ఒక్క క్షణం పని.

"దాటినావు. ఆడ ఏముందో చదువు."

చదివాను. నువ్వూ ఇప్పుడు తెలుగులో చదువుకో: "నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మమ్మ పల్లెలో మురికి బావి నీళ్ళు తాగి, కలరాతో నా కళ్ళ ముందే ప్రాణం విడిచింది. చల్లబడుతున్న ఆమె చేతిని పట్టుకుని, నీటిని శుద్ధి చేసే శాస్త్రానికే నా జీవితం అంకితమని మాటిచ్చాను."

ఎనభై రెండేళ్ళ మా అమ్మ మొదట నవ్వింది. తనను చంపేశారా అని, ఏ రోగంతో అని అడిగింది. కలరా అని మళ్ళీ చెప్పాను. నవ్వు ఆగిపోయింది. తర్వాత అంది:

"కలరాతో పోయింది నేను గాదు గదరా. చెంచులక్ష్మి."

ఈ పేరు నీకు తెలియదు. మా అక్క. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆరో ఏట ఒక్క రోజులో పోయింది. అప్పటికి నాకు నాలుగేళ్ళు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు మీ అమ్మ జయంతి పుట్టింది. అరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. నాకు అక్క ముఖం గుర్తులేదు. అమ్మ నోట ఆ పేరు వినడం నాకు ఊహ తెలిశాక ఇదే మొదటిసారి. ఆ రోజు అమ్మ రాత్రి భోజనం చేయలేదు. మరునాడు మామూలుగానే ఉంది. నీ మీద కోపం లేదంది. నేను నమ్ముతున్నాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మొదటి ఉత్తరానికి పెద్దమనిషిలా "నువ్వే రాయి" అన్నాను. అది సగం నిజం. నిజానికి నేను నాలుగు రోజులు కూర్చుని రాశాను. నువ్వు పంపిన వివరాలన్నీ పెట్టుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని రాశాను. చదివి చూసుకుంటే స్కూలు ఇన్‌స్పెక్టరుకు పెట్టిన సెలవు చీటీలా ఉంది. నా ఇంగ్లీషు నాతోపాటే రిటైరయిందని మేనకోడలితో చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ కాగితాలు చింపేసి నీకు నీతి చెప్పాను. నిన్ను టి. నగర్‌కు తోలింది నేనే.

ఇప్పుడేం చేయాలో చెప్పే అర్హత నాకు లేదు.

మామ

*

చెన్నై
21 నవంబరు 1996

మామకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి అమ్మకు ఇచ్చాను. అమ్మ చదివి మడిచి, పప్పు డబ్బా మీద పెట్టి, వంట ముగించింది. సాయంత్రం నా పక్కన కూర్చుని, చిన్నప్పుడు ఒకసారి ఇత్తడి పెట్టెలో చిన్న గాజులు దొరికితే అవి ఎవరివని అడిగి దెబ్బ తిన్నానని చెప్పింది. ఆ దెబ్బ ఎందుకో తనకు ఇన్నాళ్ళకు తెలిసిందంది.

పోస్టు చేసేముందు ఆ పేరా నేను చదివాను మామా. చదవలేదని చెబితే అబద్ధమవుతుంది. కేశవ్‌ను అడిగితే అందరూ ఇలాగే రాస్తారనీ, ఎవరూ వచ్చి చూడరనీ అన్నాడు. అవ్వ అనే మాట ఇంగ్లీషులో ఉంటే అది మా అవ్వలా అనిపించలేదు. ఎవరో ముసలామె అనుకున్నాను.

నిన్న మళ్ళీ అతని దగ్గరికి పోయాను. ఇది తప్పు, మార్చి పంపాలి అన్నాను. జరిగింది చెప్పాను. అతను చెడ్డవాడు కాదు, శ్రద్ధగా విన్నాడు. విని, కంప్యూటరులో నా కాగితం తీసి, "అప్పుడు ప్రాబ్లమే లేదు మేడమ్. నిజంగానే జరిగింది గదా. అమ్మమ్మ తీసేసి పెద్దమ్మ అని పెడదాం" అన్నాడు. తెర మీద మెరిసే గీత అమ్మమ్మ అన్న మాట మీదికి పోయి నిలబడింది. నేను వద్దన్నాను. కానీ వెంటనే అనలేదు. కాసేపు ఆలోచించాను. ఆ కాసేపు గురించి మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

అవ్వను ఒక మాట అడగండి. చెంచులక్ష్మి పెద్దమ్మ గురించి ఉన్నదున్నట్టు, ఏ అలంకారం లేకుండా నేను రాస్తే సమ్మతమేనా? అవ్వ కాదంటే మళ్ళీ అడగను.

మధు

*

చిత్తూరు
30 నవంబరు 1996

చి. మధుకు,

అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నావి ఏమీ కలపలేదు.

"ఆ బిడ్డ నాది. ఆ బిడ్డను చూపించి సీటు అడగొద్దను. దానికి ఏం తెలుసో అది చెప్పి అడగమను. నేను బతికుండానని మాత్రం వాళ్ళకు రాయమను. నాకు నోరుంది, కాళ్ళుండాయి, ఇంగా పోలా."

తర్వాత, చివరింటోళ్ళు నీళ్ళిస్తున్నారో లేదో నువ్వింకా చెప్పలేదని గుర్తు చేసింది.

ఇక్కడ రెండు రోజులుగా వాన. అక్కడ కూడా కురుస్తూ ఉంటుంది. గొడుగు మరిచిపోకు.

మామ

*

చెన్నై
15 డిసెంబరు 1996

మామకు, అవ్వకు నమస్కారాలు.

అవ్వా, చివరింటోళ్ళు నీళ్ళిస్తారు. గొణుగుతారు కూడా.

మామా, రాసేశాను. ఈసారి రెండు ఆదివారాలే పట్టింది. మునియక్క ఉడకని పప్పు గిన్నె తెచ్చి నా ముందు పెట్టిన దగ్గర మొదలుపెట్టాను. సీసాలో మా బావి నీళ్ళు పోసి, రంగు ఎరుపు నుంచి నీలానికి తిరిగేదాకా మందు చుక్క చుక్కగా వేస్తూ, ఎంతకీ తిరగకపోతే నేనే ఏదో తప్పు చేస్తున్నాననుకుని మూడుసార్లు మళ్ళీ చేశానని రాశాను. ఇప్పటికి ముప్పై ఒక్క బావులు చూశానని, సముద్రం వైపు పోయేకొద్దీ నీళ్ళు ఉప్పెక్కి చెడిపోతున్నాయని, అయితే ఆ చివరింటి బావి సముద్రానికి అన్నిటికంటే దగ్గరగా ఉండి కూడా మంచి నీళ్ళే ఇస్తోందని రాశాను. అది ఎందుకో నాకు తెలియదు, మా ఇన్‌ఛార్జికీ తెలియదు, తెలుసుకోవడానికే చదవాలనుకుంటున్నాను. ఇదీ ఆఖరి వాక్యం. ఎవరూ చనిపోలేదు. నేను ఎవరికీ మాటివ్వలేదు.

దానితోపాటు ఒక ఉత్తరం పెట్టాను. మొదట పంపిన కాగితం నేను రాసింది కాదు, డబ్బిచ్చి రాయించుకున్నాను. అందులో చనిపోయిందని చెప్పిన మా అమ్మమ్మ చిత్తూరులో క్షేమంగా ఉంది. అది తీసేసి ఇది చదవండి, లేదా నా అప్లికేషను తిప్పి పంపండి. ఇంతే రాశాను. పోస్టు డబ్బాలో వేసే ముందు కవరు మీద చిరునామా మళ్ళీ చదువుకున్నాను. నాన్న పక్కనే ఉన్నాడు. "పోతే పోనీ" అన్నాడు. వేశాను.

నాలుగైదు చోట్లకు అప్లికేషన్లు పెట్టమని అందరూ చెప్పారు. నేను పెట్టింది ఈ ఒక్కచోటికే. అందుకని కొంచెం భయంగానే ఉంది. కానీ ఆకలి మాత్రం బాగా వేస్తోంది.

మధు

*

చిత్తూరు
26 డిసెంబరు 1996

చి. మధుకు,

నువ్వు పంపిన కాపీ చదివాను. మూడుచోట్ల వ్యాకరణం తప్పింది. అయినా దిద్దలేదు, ఎర్రకలం తీయబుద్ధి కాలేదు. అమ్మకు తెలుగులో చెబుతూ పోతే ఎక్కడా ఆగాల్సిన పని పడలేదు. నీ రంగు తిరిగే సంగతి మాత్రం అమ్మకు అర్థం కాలేదు. నాకు కూడా. వచ్చినప్పుడు చేసి చూపించు.

మామ

*

చెన్నై
19 ఫిబ్రవరి 1997

మామకు,

కెనడా నుంచి ఉత్తరం వచ్చింది. సీటు సంగతి కాదు. అక్కడి ప్రొఫెసరు ఒకామె స్వయంగా రాసింది. నా రెండు కాగితాలూ కమిటీలో చదివారట. ఒకరు నా అప్లికేషను పక్కన పెట్టేయాలన్నారట. ఇంకొకరు మొదటిది అబద్ధమైతే రెండోది నిజమని ఎలా నమ్మాలన్నారట. అది న్యాయమే. అందుకని నా నోటుబుక్కు నకలు పంపమంది. మీ అమ్మమ్మగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం అని కూడా రాసింది.

నకలు పంపాను. వానల తర్వాత పద్నాలుగు బావులు మళ్ళీ చూసిన లెక్కలు కూడా అందులో ఉన్నాయి. మూడు వారాలకు ఇంకో ఉత్తరం. ఒకే ప్రశ్న. వాన పడ్డాక పదకొండు బావుల్లో ఉప్పు తగ్గింది, మూడింటిలో పెరిగింది, ఎందుకనుకుంటున్నావు?

నేను ఆ మూడు అంకెలూ తప్పనుకుని వదిలేశాను మామా. మళ్ళీ సీసాలు పట్టి చూశాను. తప్పు కాదు. నాలుగు రోజులు పుస్తకాలు తిరగేశాను. ఆఖరికి వంటింట్లో కూర్చుని ఆ మూడిళ్ళ పేర్లు బయటికి చదువుకుంటుంటే, మునియక్క కూర తరుగుతూ అంది:

"ఆ మూడిళ్ళలోనే దా మోటారు ఉండాది. కల్యాణాల సీజన్ గదా, సత్రానికి లారీ లారీగా తోడి అమ్ముతాండారు."

పోయి చూశాను. నిజమే. పైనున్న మంచి నీళ్ళు తోడేస్తే కింది ఉప్పు నీళ్ళు పైకి వస్తాయి. పుస్తకంలో ఆ మాట ఉంది. కానీ మోటార్ల సంగతి పుస్తకంలో లేదు. ప్రొఫెసరుకు ఇదంతా రాశాను. ఇది నేను కనుక్కోలేదు, మా వంటామె మునియక్క చెప్పింది అని కూడా రాశాను. రాశానని మునియక్కకు చెబితే, తన పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో చూపించమంది. కాగితం మీద రాసి చూపించాను. ఇంత పొడుగా అంది.

మధు

*

చెన్నై
12 ఏప్రిల్ 1997

మామకు, అవ్వకు నమస్కారాలు.

సీటు వచ్చింది. ఫెలోషిప్ కూడా ఇచ్చారు. ఆగస్టు ఆఖరులో చేరాలి. నిన్న కవరు వచ్చేసరికి నేను మనలిలో ఉన్నాను. అమ్మ విప్పకుండా దేవుడి గూట్లో పెట్టి, సాయంత్రం కంపెనీ వ్యాను ఆగే మూలకు వచ్చి నిలబడింది. ఆమె ముఖం చూసి ఏం జరిగిందోనని భయపడ్డాను. ఇద్దరం వీధిలోనే విప్పి చదివాం.

ముందుగా ఎవరికి చెప్పాలో తెలియక నాగప్పన్ గారికి ఫోను చేశాను. ఆయన అభినందించి, మరి ఆదివారం సీసాలు ఎవరు చూస్తారని అడిగారు. ఆ ఏర్పాటు చేశాం. సీసాలు పట్టడం, బావి పేరు, తారీకు రాసి అంటించడం మునియక్క చూసుకుంటుంది. పరీక్ష ల్యాబ్‌లో ఆయనే చేయిస్తారు. అంకెలు నాకు పంపుతారు. చివరింటి బావి మంచినీళ్ళ రహస్యం ఇంకా తేలలేదు. ప్రొఫెసరుకు కూడా తెలియదట.

కేశవ్‌కు కూడా చెప్పి వచ్చాను. సంతోషపడ్డాడు. నా రెండో కాగితం నమూనాకు ఇవ్వమని అడిగాడు. ఇవ్వలేదు. కాఫీ తాగి వచ్చాను.

రెండేళ్ళ చదువు మామా. ముగించి ఈ బావుల దగ్గరికే రావాలని ఉంది. అది కాగితంలో రాయలేదు. రాస్తే మళ్ళీ మాటిచ్చినట్టవుతుందని భయం.

మధు

*

చిత్తూరు
20 ఏప్రిల్ 1997

చి. మధుకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదువుతూ ఒకే వాక్యం రెండుసార్లు చదివానని అమ్మ మంచినీళ్ళు తాగి రమ్మంది. తాగి వచ్చి మిగతాది చదివాను. ఆమె విని, ఆ దేశంలో చలి ఎంత అని అడిగింది. చెప్పాను. లేచి పోయి పడుకుంది. సంతోషం కలిగినప్పుడు మా అమ్మ అలాగే పడుకుంటుంది, నువ్వు వేరే అనుకోవద్దు.

సాయంత్రం దీపం పెట్టాక పిలిచింది. చెప్పి రాయించిన మాట ఇది:

"పిల్లను పొయ్యేలోపల ఒగసారి రమ్మను. చెంచులక్ష్మి సంగతి చెప్పాల. ఎట్లా ఉండేదో, ఏం మాట్లాడేదో. నీకూ చెప్పలా, జయంతికీ చెప్పలా. దానికి చెబుతా."

వచ్చేటప్పుడు నోటుబుక్కు తెచ్చుకోమని రాయనా అని అడిగాను.

"కాగితం వద్దు. ఊరికే వినేదానికి రమ్మను."

ఆ రోజు నేను కూడా పక్కన కూర్చోవచ్చా అని అడిగాను. అరవై నాలుగేళ్ళ మనిషిని, చిన్నపిల్లవాడిలా అడిగాను. అమ్మ నన్ను చూసింది. మంచం మీద కొంచెం జరిగింది.

"కూర్చో" అంది.

మీ మామ
గోపాలయ్య